నాలుగు జట్లతో ఆడిన కప్పు అసలు కప్పేనా? 2021 ఈసీఏసీ హాకీ సంగతి

ఆల్బనీ_బాబాయ్:
మొన్న శనివారం (2023 ఏప్రిల్ 8) టాంపాలో క్విన్నిపియాక్ వాళ్లు మిన్నెసోటాను 3-2తో కొట్టి కాలేజీ ఐస్ హాకీ జాతీయ కప్పు ఎత్తుకుపోయారు. ఓవర్‌టైమ్ మొదలైన పది సెకన్లకే గోల్. నేను ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి వచ్చేలోపు అయిపోయింది. సరే, సంబరం సంగతి అలా ఉంచితే, దీంతో నాకు 2021 మార్చి గుర్తొచ్చింది, అప్పటి నుంచీ నాకొక కడుపుమంట ఉంది.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఈసీఏసీ అంటే అమెరికాలో ఇటు ఈశాన్యం వైపు కాలేజీల ఐస్ హాకీ కాన్ఫరెన్స్, అంటే లీగ్, మొత్తం 12 జట్లు. కోవిడ్ ఏడాది అందులో ఐవీ లీగ్ కాలేజీలు ఆరూ (హార్వర్డ్, యేల్, కార్నెల్, ప్రిన్స్‌టన్, బ్రౌన్, డార్ట్‌మత్) 2020 నవంబర్లోనే సీజన్ రద్దు అన్నాయి. మా పక్కనున్న యూనియన్, ఆర్‌పీఐ కూడా తప్పుకున్నాయి. మిగిలినవి నాలుగు: క్విన్నిపియాక్, క్లార్క్‌సన్, కోల్గేట్, సెయింట్ లారెన్స్. ఆ నాలుగే ఒకళ్లతో ఒకళ్లు మళ్లీ మళ్లీ ఆడుకుని టోర్నమెంట్ కూడా పెట్టుకున్నాయి. మార్చి 20న హామ్డెన్‌లో ఫైనల్, క్విన్నిపియాక్ సొంత రింకులోనే సెయింట్ లారెన్స్ ఓవర్‌టైమ్‌లో 3-2తో గెలిచింది. 2001 తర్వాత వాళ్లకు అదే మొదటి కప్పు. ఒక్క రోజు తిరగకముందే వాళ్ల కోచ్‌కు పాజిటివ్ వచ్చింది, జాతీయ టోర్నమెంట్ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది, ఆ సీటు ఓడిపోయిన క్విన్నిపియాక్‌కు పోయింది. ఇప్పుడు చెప్పండి, ఇది న్యాయమా? గెలిచినవాడు ఇంట్లో, ఓడినవాడు విమానంలో!

రూల్సు_రంగ:
చిన్న సవరణ. టోర్నమెంట్‌లో నాలుగు జట్లు లేవు, మూడే. కోవిడ్ నిబంధనలు పాటించలేదని క్లార్క్‌సన్ సీజన్‌ను టోర్నమెంట్‌కు ముందే ఆపేశారు.

ఆల్బనీ_బాబాయ్:
మూడైతే ఇంకా అన్యాయం కదయ్యా, నా మాటే బలపడింది.

సత్తుపల్లి_సూరి:
మూడు జట్లతో టోర్నమెంటా? మా ఊళ్లో సంక్రాంతి కబడ్డీకి ఇంతకన్నా ఎక్కువ వస్తాయి 😀

మంచుకాకి:
బాబాయ్ గారూ, సీటు ఎవరికి పోయిందన్నది చిన్న విషయం. అసలు ఆ టోర్నమెంట్ పెట్టడమే తప్పు. 12లో 8 కాలేజీలు వద్దనుకున్నాయంటే దానికి కారణం ఉంది. ఐస్ రింకు అంటే చల్లటి గాలి, మూసేసిన హాలు, ఊపిరి ఎగబీల్చుకుంటూ ఒకరి మొహంలో ఒకరు పడే ఆట. 2020 జూన్‌లో ఫ్లోరిడాలో సరదాగా ఆడిన ఒకే ఒక్క మ్యాచ్‌లో 22 మంది ఆటగాళ్లలో 14 మందికి అంటుకుంది, రింకులో పనిచేసే ఒకరికి కూడా. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లే రాశారు. ఆ ఏడాది అక్టోబర్లో మసాచుసెట్స్‌లో హాకీ వల్ల 30 క్లస్టర్లు, 108 కేసులు తేలితే రాష్ట్రంలో ఇండోర్ రింకులు రెండు వారాలు మూసేశారు. ఇన్ని తెలిసి కూడా కప్పు కోసం ఆడించారు, చివరికి ఏమైంది, గెలిచిన జట్టు కోచ్‌కే వచ్చింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఆల్బనీ_బాబాయ్:
అమ్మా మంచుకాకీ, ఫ్లోరిడాలో వారాంతంలో బీరు తాగి ఆడేవాళ్లకూ, రోజు విడిచి రోజు టెస్టులు చేయించుకునే కాలేజీ జట్టుకూ పోలికా? నువ్వు చెప్పింది జూన్ మ్యాచ్, మాస్కు కూడా సరిగ్గా తెలియని రోజులు. మార్చి 2021కి లెక్కలు వేరు. మిగతా కాన్ఫరెన్సులు చూడు. అదే వారంలో హాకీ ఈస్ట్ ఫైనల్ ఆడింది, యూమాస్ 1-0తో లోవెల్‌ను కొట్టింది. బిగ్ టెన్ వాళ్లు ఏడు జట్లనూ నోటర్ డామ్‌కు పిలిపించి ఒకే రింకులో ఆడించారు. ఎన్‌సీహెచ్‌సీ వాళ్లు డిసెంబర్లో ఒమాహాలో జట్లన్నిటినీ మూడు వారాలు ఒకచోట పెట్టి 38 మ్యాచ్‌లు నడిపారు, తర్వాత కాన్ఫరెన్స్ టోర్నమెంట్ మొత్తం గ్రాండ్ ఫోర్క్స్‌లో పెట్టారు. అందరూ ఆడారు. ఆడలేనిది మన పెద్ద పేర్లున్న కాలేజీలే. భయం అని ఒప్పుకోరు, ‘బాధ్యత’ అంటారు.

గోంగూర66:
బాబాయ్, బీరు తాగి అని సీడీసీ రాసిందా? 🙂

ఆల్బనీ_బాబాయ్:
అది నా ఊహ. వదిలెయ్.

రూల్సు_రంగ:
మళ్లీ చిన్న మాట. క్విన్నిపియాక్‌కు సీటు ‘దానం’ చేశారు అన్న అర్థం వస్తోంది మొదటి పోస్టులో. వాళ్లు రెగ్యులర్ సీజన్‌లో కాన్ఫరెన్స్ టాపర్. సెయింట్ లారెన్స్‌కు ఆ ఏడాది గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. కాన్ఫరెన్స్ టోర్నమెంట్ గెలిచినవాడికి జాతీయ టోర్నమెంట్‌లో ఆటోమేటిక్ బెర్తు అన్న రూలు లేకపోతే వాళ్ల పేరే ఎవరూ తలచేవాళ్లు కాదు. అంటే సీటు తిరిగి దాని అసలు హక్కుదారుకే వెళ్లింది.

ఆల్బనీ_బాబాయ్:
హక్కుదారు ఏంటయ్యా! ఎన్నికల్లో గెలిచినవాడికి జ్వరం వస్తే ఓడినవాడిచేత ప్రమాణం చేయిస్తారా?

రూల్సు_రంగ:
ఉప ఎన్నిక పెడతారు. ఇక్కడ పెట్టే టైము లేదు. మర్నాడే జట్ల ప్రకటన.

ఆల్బనీ_బాబాయ్:
అయితే ఖాళీగా వదిలెయ్యాలి.

రూల్సు_రంగ:
ఖాళీగా వదిలితే ఎదుటివాడికి ఆడకుండానే గెలుపు. అలాగే జరిగింది కూడా. నోటర్ డామ్ తప్పుకుంటే బోస్టన్ కాలేజీ, మిషిగన్ తప్పుకుంటే మిన్నెసోటా డులూత్, ఒక్క షాటు కొట్టకుండా తర్వాతి రౌండుకు వెళ్లిపోయాయి. అది మీకు న్యాయమా? క్విన్నిపియాక్ కనీసం కొలరాడోలోని లవ్‌ల్యాండ్ దాకా వెళ్లి మిన్నెసోటా స్టేట్‌తో ఓవర్‌టైమ్ వరకు పోరాడి 4-3తో ఓడింది.

ఆల్బనీ_బాబాయ్:
నీకు సీటు కనిపిస్తోంది, నాకు పిల్లలు కనిపిస్తున్నారు. అదీ తేడా.

సత్తుపల్లి_సూరి:
అసలు మన ఐపీఎల్ గుర్తులేదా? 2021 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఆక్సిజన్ లేక జనం పోతుంటే అదే ఊళ్లో సిక్సర్లు కొట్టారు. మే 4న మన సన్‌రైజర్స్ సాహాకు, ఢిల్లీ అమిత్ మిశ్రాకు పాజిటివ్ అనగానే ఆపేశారు. అప్పటిదాకా బయో బబుల్, బయో బబుల్ అని ఒకటే గోల. మా పెదనాన్న ఖమ్మంలో బెడ్డు కోసం రెండు రోజులు తిరిగాడు, టీవీలో మాత్రం చీర్ మ్యూజిక్. అందుకే నేను మంచుకాకి వైపు.

గోంగూర66:
ఐపీఎల్ డబ్బు ఆట సూరీ. ఇది కాలేజీ పిల్లల ఆట, ఇక్కడ జీతాలు లేవు. పోలిక కుదరదు. మీ పెదనాన్న బాగున్నారా?

సత్తుపల్లి_సూరి:
బాగున్నాడు అన్నా. ఇప్పటికీ ఐపీఎల్ చూడడు.

మంచుకాకి:
బాబాయ్ గారూ, “రోజు విడిచి రోజు టెస్టులు చేయించుకునే జట్టు” అన్నారు చూడండి, అక్కడే ఒళ్లు మండింది. ఆ ఏడాది నేను న్యూయార్క్ ఉత్తరాన ఒక కాలేజీలో మాస్టర్స్ చేస్తున్నాను, పేరు చెప్పను. ఖర్చుల కోసం వారానికి ఇరవై గంటలు రింకులోనే పని, ఈక్విప్‌మెంట్ రూమ్‌లో. ఆటగాళ్లు విప్పిపడేసిన జెర్సీలు, టవళ్లు ఉతికి ఆరేసి మడతపెట్టేది నేను. వాళ్లకు వారంలో మూడు టెస్టులు. నాకు వారానికి ఒకటి, అదీ నేను క్యూలో నిలబడితే. డిసెంబర్లో మా రూమ్మేట్‌కు పాజిటివ్ వస్తే నన్ను 14 రోజులు ఒక గదిలో పెట్టారు. తలుపు బయట అట్టపెట్టెలో చల్లారిన శాండ్‌విచ్. రెండు వారాలు అన్నం మెతుకు చూడలేదు. ఆ పద్నాలుగు రోజులకూ జీతం కోత. ‘జట్టు రక్షణ’ అనే మాట విన్నప్పుడల్లా, ఆ జట్టులో టవళ్లు ఉతికేవాళ్లు ఉన్నారా అని అడగాలనిపిస్తుంది.

ఆల్బనీ_బాబాయ్:
నీకు జరిగింది తప్పే, కాదనను. కానీ అది మీ కాలేజీ యాజమాన్యం తప్పు, టోర్నమెంట్ తప్పు కాదు. నీకు శాండ్‌విచ్ పెట్టారని సెయింట్ లారెన్స్ పిల్లలు ఆడకూడదా?

మంచుకాకి:
శాండ్‌విచ్ గురించే రాశానని మీకు అర్థమైందా? ఇంత రాస్తే?

గోంగూర66:
బాబాయ్ ఇది మాత్రం బాగాలేదు.

ఆల్బనీ_బాబాయ్:
బాగాలేకపోతే పోనీ. అందరూ నాకు నీతులు చెప్పేవాళ్లే. ఇంట్లో కూర్చుంటే పుణ్యం, ఆడితే పాపం అన్నట్టు మాట్లాడుతున్నారు. ఆపేసిన కాలేజీల్లో ఏం జరిగిందో నాకు తెలుసు. మావాడు అప్పుడు ఆఖరి సంవత్సరం. స్కేటింగ్ రాదు, కానీ నాలుగేళ్లుగా కాలేజీ రేడియోలో హాకీ కామెంటరీ చెప్పేవాడు. ఆంధ్రా మొహం హాకీ మైకు ముందు ఏంట్రా అని మొదట్లో నేనే నవ్వాను. వాడికి అదే ప్రాణం. నవంబర్లో ఒక ఈమెయిల్ వచ్చింది, సీజన్ లేదు అని. నాలుగు పేరాలు. పిల్లలను పిలిచి ఒక్క మాట అడగలేదు. ఫీజు మాత్రం మొత్తం కట్టించుకున్నారు, పాఠాలు జూమ్‌లో చెప్పి. ఆటగాళ్లకైనా కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ ఆడుకోవడానికి ఇంకో ఏడాది ఇచ్చింది. కామెంటరీ చెప్పేవాడికి ఎవడిస్తాడు?

రూల్సు_రంగ:
ఐవీ అయితే ఆ అదనపు ఏడాది కూడా అంత సులువుగా రాలేదు. వాళ్లు గ్రాడ్యుయేట్ విద్యార్థులను ఆడనివ్వరు. 2021 ఫిబ్రవరిలో ఒక్కసారికి మినహాయింపు ఇచ్చారు, అదీ అదే కాలేజీలో పీజీ సీటు వస్తేనే.

ఆల్బనీ_బాబాయ్:
ఐవీయా కాదా నేను చెప్పలేదు. వదిలెయ్ రంగా.

మంచుకాకి:
అయితే మీ కోపం సెయింట్ లారెన్స్ గురించి కాదు.

ఆల్బనీ_బాబాయ్:
అది కూడా ఉంది.

మంచుకాకి:
సరే, నేనూ ఒకటి ఒప్పుకుంటాను, తిట్టకండి. ఆ నవంబర్లో మా కాలేజీ కూడా సీజన్ ఆపేస్తుందని పుకారు వచ్చినప్పుడు, ఆపకూడదని నేను దణ్ణం పెట్టుకున్నాను. రింకు మూసేస్తే నా పని పోతుంది. వీసా మీద బయట ఎక్కడా పనిచేయకూడదు, క్యాంపస్‌లో ఇంకో పని లేదు, ఇంటి నుంచి డబ్బు అడిగే పరిస్థితి లేదు, నాన్న స్కూలు వ్యాను నడుపుతారు, ఏడాదిగా స్కూళ్లే లేవు. కాబట్టి ఆడారు గనక నా అద్దె కట్టుకున్నాను, నిజం. ఇప్పుడు కూర్చుని ‘ఆడకూడదు’ అనడం సులువు, నాకూ తెలుసు. నాకు కాలేది ఏంటంటే, ఆడినందుకు ధైర్యం అని మీరు మెచ్చుకుంటున్నారు, ఆపినందుకు బాధ్యత అని వాళ్లు మెచ్చుకుంటున్నారు. ఆడినా ఆపినా మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. మీ అబ్బాయినీ అడగలేదు.

ఆల్బనీ_బాబాయ్:
అడిగి ఉంటే నువ్వేం చెప్పేదానివి?

మంచుకాకి:
ఆడండి, కానీ నాకూ మూడు టెస్టులు చేయించండి, క్వారంటైన్‌లో పెడితే జీతం ఇవ్వండి అని. అంతే.

ఆల్బనీ_బాబాయ్:
మావాడైతే మూసేయండి అనేవాడేమో. వాడికి వాళ్ల అమ్మ ఆస్త్మా గురించి భయం ఎక్కువ. అరిచింది నేనే, వాడు కాదు. ఇప్పుడు అనిపిస్తోంది.
కానీ సీటు విషయంలో నా మాట మార్చను. గెలిచింది సెయింట్ లారెన్స్.

రూల్సు_రంగ:
ఆ ఏడాది టోర్నమెంట్ కప్పు వాళ్లకే దక్కింది కదా, వైట్‌లా కప్పు. దాన్నెవరూ వెనక్కి తీసుకోలేదు. పోయింది బెర్తు ఒక్కటే. రెండూ వేరు వేరు.

ఆల్బనీ_బాబాయ్:
నీతో వాదించేకంటే మంచులో కారు తవ్వుకోవడం నయం.

మంచుకాకి:
బాబాయ్ గారూ, మీ అబ్బాయి ఆ ఫైనల్ చూశారా?

ఆల్బనీ_బాబాయ్:
చూశాడమ్మా. పై గదిలో టీవీ సౌండు తీసేసి తనే కామెంటరీ చెప్పుకున్నాడు. నేను మెట్ల మీద నిలబడి విన్నాను, వాడికి తెలియదు. ఓవర్‌టైమ్‌లో గోల్ పడగానే ఎంత అరిచాడంటే కింద మా ఆవిడ గిన్నె జారవిడిచింది.

సత్తుపల్లి_సూరి:
వచ్చే ఏడాది లేక్ ప్లాసిడ్‌లో ఈసీఏసీ ఫైనల్స్‌కు ఎవరైనా వెళ్తుంటే చెప్పండి, సిరక్యూస్ నుంచి నా కారులో ఇద్దరికి చోటుంది. పెట్రోలు పంచుకోవాలి.

రూల్సు_రంగ:
అక్కడ మార్చిలో స్నో టైర్లు లేకుండా రావద్దు.