ఇంటి విత్తనం మీద నల్లమచ్చ – మందు లేకుండా శుద్ధి ఎలా?

ఆలమూరు రైతు:
నమస్కారమండి. రెండెకరాలు, సార్వాకి (ఖరీఫ్) స్వర్ణ వరి వేస్తాం. విత్తనం ఇంటిదే. కోతల ముందు వానకి చేను పడిపోయి గింజల మీద నల్లమచ్చ వచ్చింది. ఎప్పుడూ కార్బెండజిమ్ అనే బూజుమందు పొడి పట్టించేవాళ్ళం. ఈ ఏడాది మా అమ్మ ఆ పొడి ఇంట్లోకే రానివ్వనంటోంది. ఆవు ఉంది. బీజామృతం చాలా, లేక ట్రైకోడెర్మా (తెగులు బూజుని అణిచే మంచి బూజు) కొనాలా?

అత్తిలి బాబాయ్:
బీజామృతం చాలు బాబూ. 20 లీటర్ల నీళ్ళలో 5 కిలోల ఆవు పేడ గుడ్డలో మూట కట్టి వేలాడదీసి, 5 లీటర్ల మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు గట్టు మట్టి వెయ్యి. రాత్రంతా ఉంచితే క్వింటా విత్తనానికి వస్తుంది. పట్టించాక నీడలోనే ఆరబెట్టు.

పెనుమంట్ర రైతు:
బాబాయ్ గారు చెప్పింది మంచిదేనండి, కానీ మచ్చ పడ్డ గింజని ముందు ఏరెయ్యకుండా దానికి ఏం పూసినా దండగే. ముందు ఉప్పునీళ్ళు. కోడిగుడ్డు తేలి రూపాయి బిళ్ళంత పైకి కనపడేదాకా ఉప్పు కలపండి. పది లీటర్లకి కిలోన్నర పైనే పడుతుంది. విత్తనం పోసి కలిపితే తాలు, తెగులు పట్టిన తేలిక గింజలు పైకొస్తాయి. తీసి పారేసి, మునిగినవాటిని మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడగండి. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది. ఈ పని చెయ్యమంటే బద్ధకం, వందలు పోసి డబ్బా కొనమంటే మాత్రం రెడీ, మనవాళ్ళు!

స్వర్ణ 1982లో మార్టేరు నుంచి వచ్చిన సూటి రకం, హైబ్రిడ్ కాదు, కాబట్టి ఇంటి విత్తనం కట్టుకోవడానికి ఇబ్బంది లేదు. అయితే నిరుడు నారులో కొన్ని మొక్కలు పాలిపోయి, సన్నగా, మిగతావాటికంటే పొడుగ్గా సాగి చచ్చాయా? అదీ విత్తనంతో వచ్చే బూజే. అలాంటి చేలో ధాన్యం తిండికి ఉంచుకోండి, విత్తనానికి వద్దు.

దమ్ము చేసి పోసే దంప నారుమడికి నా ఓటు సూడోమోనాస్‌కి. కిలో విత్తనానికి 10 గ్రాములు. బతికున్న బాక్టీరియా కాబట్టి తయారీ తేదీ చూసి కొనండి, ఎండలో పెట్టకండి. ట్రైకోడెర్మా వాడినా సరే, కానీ దాన్ని కార్బెండజిమ్‌తో కలిపితే చచ్చిపోతుంది.

ఆలమూరు రైతు:
అలాంటి మొక్కలు కనపడలేదండి. సూడోమోనాస్ నానబెట్టేటప్పుడు కలపాలా, నానిన గింజని మొలకకి మండె కట్టేటప్పుడా?

పెనుమంట్ర రైతు:
నానబెట్టేటప్పుడేనండి. కిలోకి లీటరు నీళ్ళు, అందులో పొడి కలిపి 24 గంటలు. తీసి 24 గంటలు మండె కట్టి, మొలక రాగానే చల్లుకోండి. ఒక్కటి చెబుతా, ఇదంతా గింజతో వచ్చే తెగులుకే. తర్వాత గాలికొచ్చే అగ్గి తెగులుని ఇది ఆపదు. అది పెరగకుండా యూరియా చెయ్యి కాస్త బిగించండి.

అత్తిలి బాబాయ్:
పైకి తేలిన గింజలు కోళ్ళకి వేసుకోవచ్చా?

పెనుమంట్ర రైతు:
వద్దు బాబాయ్. ఉప్పు, పైగా బూజు. ఎండబెట్టి తగలెయ్యండి.