దేవుణ్ణి నమ్మనివాళ్ళకి గీత, బైబిల్, ఖురాన్ ఎందుకు?

సందేహాలరావు:
నాకు దేవుడి మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. అయినా అరలో గీత, బైబిల్, ఖురాన్ తెలుగు అనువాదం, బౌద్ధుల ధమ్మపదం, పోతన భాగవతం పక్కపక్కనే ఉన్నాయి, అప్పుడప్పుడు తీసి చదువుతుంటా కూడా. ఒక ఫ్రెండ్ చూసి "నమ్మవు కదా, మరి ఇవన్నీ షోకా?" అన్నాడు. గట్టి జవాబు తట్టలేదు. ఇక్కడ ఇలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా, ఎందుకు ఉంచుకున్నారు?

టైంపాస్_తాత:
లావు పుస్తకాలు బాబూ, లాప్‌టాప్ కింద పెట్టుకుంటే మెడ నొప్పి రాదు 😄

శ్రద్ధావాన్:
చూశారా, ఇదీ వరస. అందుకే చెప్తున్నా, నమ్మనివాళ్ళు ఆ పుస్తకాలు నమ్మేవాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఇది నా సొంత పైత్యం కాదు, గీత 18.67 తీసి చూడండి, తపస్సు లేనివాడికి, భక్తి లేనివాడికి, వినాలని లేనివాడికి, నాలో తప్పులు వెతికేవాడికి దీన్ని ఎప్పుడూ చెప్పకు అని కృష్ణుడే అన్నాడు. 4.39లో శ్రద్ధ ఉన్నవాడికే జ్ఞానం దొరుకుతుందన్నాడు. శ్రద్ధ లేకుండా చదివితే మిగిలేది అక్షరాలే.

జాబాలి_చెల్లెలు:
శ్రద్ధావాన్ గారూ, 18.67 దాకా వెళ్ళినవారు నాలుగు శ్లోకాల ముందున్న 18.63 ఎందుకు దాటేశారు? అంతా చెప్పేసి, దీన్ని పూర్తిగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అన్నది కూడా ఆ కృష్ణుడే కదా. అయినా ఆ ఆంక్ష అర్జునుడికి. ఇప్పుడు గీత ఎవరడిగితే వాళ్ళకి అచ్చేసి అమ్ముతున్నారు, ఊరికే పంచుతున్నారు, ముందు వాళ్ళని అడగండి కొన్నవాడి తపస్సు చూశారా అని.

ఇక సందేహాలరావు గారూ, నా జవాబు ఇది. నమ్మనివాళ్ళ మాటలు కూడా ఈ పుస్తకాల్లోనే ఉన్నాయి. నా ఐడీ చూడండి, రామాయణం అయోధ్యకాండలో జాబాలి అనే బ్రాహ్మణుడు రాముడి ముందు నిలబడి పరలోకం లేదు, పోయినవాళ్ళ పేరున పెట్టే అన్నం దండగ అంటాడు. రాముడు గట్టిగానే ఖండించాడు, ఒప్పుకుంటా, కానీ జాబాలి వాదం మొత్తం రామాయణంలో ఇంకా ఉంది. ఋగ్వేదం 10.129లో ఈ సృష్టి ఎలా వచ్చిందో పైనుంచి చూసేవాడికి తెలుసేమో, ఏమో ఆయనకీ తెలీదేమో అని సూక్తం ముగుస్తుంది. బైబిల్లో ప్రసంగి "సమస్తము వ్యర్థమే" అని మొదలుపెడతాడు. అందులోనే అన్నీ పోగొట్టుకున్న యోబు అయితే దేవుణ్ణే నిలదీస్తాడు. ఇవి చదవడానికి నేను ముందు భక్తురాలిని అవ్వాలా?

శ్రద్ధావాన్:
18.67కి జవాబు చెప్పమంటే 18.63 చెప్తున్నారు. తెలివి బాగుంది.

బెరయ_బాబు:
నేను విశ్వాసినే, కానీ ఇందులో నేను మేడం వైపు. అపొస్తలుల కార్యములు 17:11 చూడండి, బెరయ ఊరి వాళ్ళు పౌలు చెప్పింది నిజమో కాదో అని రోజూ లేఖనాలు పరిశోధించారు, వాళ్ళని తిట్టలేదు, ఘనులన్నారు.

శ్రద్ధావాన్:
తర్వాతి వచనం కూడా చెప్పండి బ్రదర్, వాళ్ళలో చాలామంది నమ్మారు. వీళ్ళు ఎప్పుడు నమ్మారు?

నూర్_చదువరి:
మా దగ్గర అరబీ ముస్‌హఫ్ (ఖురాన్ ప్రతి) ముట్టుకోవాలంటే వుజూ (నమాజుకి ముందు చేసే శుద్ధి) ఉండాలని ఎక్కువమంది ఆలిములు (మతపండితులు) చెప్తారు. తెలుగు అనువాదానికి ఆ షరతు లేదని చాలామంది అంటారు. ముస్లిం కానివాళ్ళకి అనువాదాలు ఇచ్చేదే చదవమని. చదివితే నాకు సంతోషమే, దాని మీద వెటకారం చేస్తేనే బాధ. తాతగారూ, మిమ్మల్నే.

లెక్కలమాస్టారు:
ఒక డేటా పడేస్తా. ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్ళు 2010లో అమెరికాలో మతాల మీద 32 ప్రశ్నలతో సర్వే చేస్తే సగటున 16 సరైన జవాబులొచ్చాయి, అందులో అందరికంటే ముందున్నది నాస్తికులు, అజ్ఞేయవాదులు (దేవుడున్నాడో లేడో తెలీదనేవాళ్ళు), వాళ్ళకి 20.9. అంటే చదివాకే నమ్మడం మానేశారన్నమాట 😎

బెరయ_బాబు:
అదే సర్వేలో బైబిల్, క్రైస్తవం ప్రశ్నలు మాత్రం విడిగా తీస్తే మోర్మన్లు, తెల్లజాతి ఇవాంజెలికల్సే (ఇద్దరూ యేసుని నమ్మే వర్గాలే) ముందున్నారు మాస్టారూ. సగం డేటా చెప్పకండి.

లెక్కలమాస్టారు:
ఎవరి పుస్తకం వాళ్ళకి ఎక్కువ తెలియడంలో వింతేముంది. పక్కవాడి పుస్తకం కూడా తెలిసింది ఎవరికి, అదీ నా పాయింటు.

జాబాలి_చెల్లెలు:
విమర్శించాలన్నా చదవాల్సిందే. అంబేద్కర్ 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో మనుస్మృతి తగలబెట్టించాడని అందరూ చెప్తారు, ఆ తర్వాత కూడా ఆయన చదవడం మానలేదని ఎవరూ చెప్పరు. శూద్రుల పుట్టుక మీద 1946లో రాసిన పుస్తకంలో ఋగ్వేదంలో నాలుగు వర్ణాల పుట్టుక చెప్పే పురుషసూక్తాన్ని పట్టుకుని వాదించాడు. సంస్కృతం రాదు కాబట్టి నీకు హక్కు లేదంటారని ముందే ఊహించి, పదిహేనేళ్ళు అనువాదాల్లో చదివాను చాలదా అని ముందుమాటలోనే అడిగాడు. అమెరికా మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ అయితే 1820 నాటికి సువార్తల్ని బ్లేడుతో కోసి, అద్భుతాలు వదిలేసి యేసు బోధలు అతికించుకుని సొంత పుస్తకం చేసుకున్నాడు.

శ్రద్ధావాన్:
అంబేద్కర్ నాస్తికుడా?? 1956 అక్టోబర్ 14న బౌద్ధం తీసుకున్నాడు. జెఫర్సన్ కూడా దేవుడున్నాడనే అనుకున్నాడు. మీరు తెచ్చిన ఇద్దరు సాక్షులూ మావైపే. ఇంకెవరైనా ఉన్నారా?

జాబాలి_చెల్లెలు:
వాళ్ళు నాస్తికులని నేనెక్కడ అన్నాను? తాము ఒప్పుకోని పుస్తకాన్ని కూర్చుని చదివారు అన్నా. మీరు ఎవరు ఏ టీమో చూస్తున్నారు, వాళ్ళు ఏం చేశారో చూడట్లేదు. పోనీ తిప్పి చూద్దాం. దేవుణ్ణి, పరలోకాన్ని ఒప్పుకోని పాతకాలపు చార్వాకుల సొంత గ్రంథాలు దాదాపు ఏమీ మిగల్లేదు, వాళ్ళేమన్నారో మనకి ఎక్కువగా తెలిసేది వాళ్ళని ఖండించినవాళ్ళ రాతల్లోంచే. పద్నాలుగో శతాబ్దంలో ఒక వేదాంతి రాసిన సర్వదర్శన సంగ్రహంలో మొదటి అధ్యాయమే చార్వాకులది. ఆస్తికులు నాస్తికుల మాట రాసి దాచొచ్చు గానీ నాస్తికులు ఆస్తికుల పుస్తకం ఉంచుకోకూడదా?

టైంపాస్_తాత:
పాప్‌కార్న్ ప్లీజ్

శ్రద్ధావాన్:
ఖండించడానికే అని మీరే అంటున్నారు కదా! నాకు కావాల్సింది అదే. అసలు సంగతి చెప్తా వినండి. మా అమ్మకి రోజూ భాగవతం చదువుకునే అలవాటు. మా తమ్ముడు పెద్ద నాస్తికుడు, వాడూ అంతా చదివాడు, అమ్మ నోరు మూయించడానికి. ఆమె ఒక కథ మొదలుపెడితే వాడు ఆ స్కంధంలో అలా లేదు, ఈ స్కంధానికి దానికి పొంతన లేదు అని మధ్యలో దూరతాడు. ఇప్పుడు వాడు ఇంట్లో ఉంటే అమ్మ పుస్తకం తియ్యదు. మీ చదువు వల్ల జరిగింది ఇది. మీరందరూ మా తమ్ముళ్ళే.

జాబాలి_చెల్లెలు:
నేను మీ తమ్ముణ్ణి కాదు, ఆ కోపం తెచ్చి నా మీద పొయ్యకండి. నాకూ ఉంది కథ. చిన్నప్పుడు గీత పోటీలకి అధ్యాయాలకి అధ్యాయాలు బట్టీ పట్టించారు, బహుమతులొచ్చేవి, అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఒకరోజు 9.32లో పాపయోనులు, స్త్రీలు, వైశ్యులు, శూద్రులు అని ఉన్నది చూపించి ఆడవాళ్ళని ఈ వరసలో ఎందుకు పెట్టారండీ అని అడిగా. ఆడపిల్లవి, అధికప్రసంగం చెయ్యకు అని నన్ను బయట నిలబెట్టారు. శ్రద్ధ ఉన్నప్పుడే అడిగాను సార్! అంటే నమ్మినన్నాళ్ళూ అడగడానికి వీల్లేదు, నమ్మకం పోయాక చదవడానికి వీల్లేదు. మరి ఎప్పుడు తియ్యాలి నేను ఆ పుస్తకం?

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇంట్లోవాళ్ళ మీద కోపం ఇక్కడివాళ్ళ మీద తీర్చుకోవద్దు. లాప్‌టాప్ కామెంటు మీద ఏడు రిపోర్టులొచ్చాయి, తాతగారూ ఇదే ఆఖరి వార్నింగ్.

శ్రద్ధావాన్:
మిమ్మల్ని అలా నిలబెట్టినవాళ్ళది తప్పే, దాని మీద వాదన లేదు. కానీ నాకు మండేది హక్కు దగ్గర కాదండీ. నేను అందులో చెప్పినట్టు బతకాలని చూస్తా, కోపం తగ్గించుకోవాలని చూస్తా, కుదరదు, కుదరనప్పుడల్లా ఆ పుస్తకం ముందు సిగ్గుపడతా. అది నన్ను రోజూ అడుగుతుంది. మిమ్మల్ని ఏమీ అడగదు, బాగుంటే మెచ్చుకుంటారు లేకపోతే విసుక్కుంటారు, మూసేసి పడుకుంటారు. పైసా ఖర్చు లేకుండా చదివినవాళ్ళొచ్చి నాకంటే వాళ్ళకే బాగా తెలుసని మాట్లాడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

సందేహాలరావు:
అబ్బ, ఇది ముందే చెప్పుంటే సగం గొడవ ఉండేది కాదు కదండీ.

జాబాలి_చెల్లెలు:
నిజంగా సూటిగా ఉంది మీ మాట. కానీ ఖర్చు లేదని మాత్రం అనకండి. ఏడుపొచ్చినప్పుడు నా నోటికొచ్చేవి ఇప్పటికీ ఆ పద్యాలే, చిన్నప్పుడు ఎక్కినవి వేరే ఏవీ లేవు నా దగ్గర. గజేంద్రుడు "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటాడు చూడండి, అక్కడిదాకా నేను పోతనతో కలిసి నడుస్తా. ఆ తర్వాత గజేంద్రుడికి హరి వస్తాడు. నాకు రాడు, రాడని తెలిసే తెరుస్తా పుస్తకం. మీరు సిగ్గుపడేచోట నేను ఒంటరిదాన్ని అవుతాను, ఎవరి ఖర్చెంతో ఎవరు లెక్కేస్తారు?

నూర్_చదువరి:
మేడం 🙏

శ్రద్ధావాన్:
బాగా రాశారు. సరే, ఒక్కటి సూటిగా చెప్పండి, మా తమ్ముడు చేసేది తప్పా కాదా?

జాబాలి_చెల్లెలు:
తప్పే. మీ అమ్మగారు అడగలేదు, వాడు చెప్పకూడదు. అది మర్యాద తెలియకపోవడం. దానికి వాణ్ణి కోప్పడండి, అంతేగానీ మా అరల్లో పుస్తకాలు లాక్కోకండి.

శ్రద్ధావాన్:
లాక్కుంటానని ఎవరన్నారు?

జాబాలి_చెల్లెలు:
నమ్మనివాళ్ళు నమ్మేవాళ్ళకి ఇచ్చెయ్యాలి అన్నది ఎవరండీ, పైకి స్క్రోల్ చెయ్యండి.

శ్రద్ధావాన్:
ఇచ్చెయ్యాలి అన్నా. ఇప్పటికీ అదే అంటున్నా. 18.67కి జవాబు ఇంకా రాలేదు.