మాంసాహారం మానేశాక కంచంలో ఏముండాలి? అనుభవజ్ఞుల సలహాలు కావాలి

ప్రశ్న (భీమవరం బాటసారి)

మాది భీమవరం దగ్గరి పల్లె, ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాము. ప్రాణిని చంపి తినడం మనసుకు ఒప్పక, గత కార్తీకమాసంలో ఇంటిల్లిపాదితో పాటు మానేసిన మాంసం, చేపలు, గుడ్లు నేను ఆ మాసం ముగిసినా మళ్లీ ముట్టలేదు. పాలు, పెరుగు, నెయ్యి మాత్రం తీసుకుంటున్నాను. కార్తీకం కాబట్టి మొదట ఎవరూ పట్టించుకోలేదు గాని, కనుమ నాడు కూడా కోడికూర వద్దనేసరికి మా అమ్మగారికి బెంగ పట్టుకుంది. ఒంట్లోకి బలం ఎక్కడినుంచి వస్తుందని రోజూ అడుగుతున్నారు.

ఆవిడ అనుమానంలో కొంత నిజం ఉందేమోనని నాకూ అనిపిస్తోంది. నా భోజనంలో అన్నం పెరిగింది. పక్కన ఒక వేపుడు, పలుచని చారు, పెరుగు. సాయంత్రం నాలుగయ్యేసరికి నీరసం వస్తోంది. నా భార్య, పిల్లలు మాంసాహారం తింటారు, దానికి నాకు అభ్యంతరం లేదు. ఒకే వంటింట్లో రెండు రకాల భోజనం ఎలా నడపాలో, పోషణ తగ్గకుండా, నాలుకకు విసుగు రాకుండా ఎలా తినాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (ముద్దపప్పు)

మీ ఇబ్బందికి కారణం మీరు మానేసిన మాంసం కాదండి, దాని స్థానంలోకి వచ్చిన అన్నం. చేపల పులుసు తీసేసి, మిగిలిన కంచాన్ని అలాగే ఉంచితే అది శాకాహార భోజనం కాదు, సగం భోజనం.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 65 కిలోల మనిషికి అది సుమారు 54 గ్రాములు. మన ఆహారంలో ధాన్యం వాటా ఎక్కువ కాబట్టి ఇంకాస్త ఎక్కువే లక్ష్యంగా పెట్టుకోవడం మంచిది. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయని వినగానే అందరూ నిశ్చింతగా ఉంటారు గాని, ఒక మనిషి వంతుకు వచ్చే పప్పు ఉడకక ముందు 30 గ్రాములకు మించదు. అంటే ఆరున్నర గ్రాములే. పలుచని చారులోనైతే చెప్పుకోదగినంత ఏమీ ఉండదు.

ఉదయం 60 గ్రాముల పెసలతో పెసరట్లు, మధ్యాహ్నం 40 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పో దోసకాయ పప్పో, సాయంత్రం గుప్పెడు వేరుసెనగ గింజలు, రోజు మొత్తానికి రెండు గ్లాసుల పాలు పెరుగులు, 200 గ్రాముల బియ్యం లేదా గోధుమలు అనుకుంటే మీ 54 గ్రాములు దాటుతాయి. మాంసకృత్తులను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలలో లైసిన్ బియ్యంలో తక్కువ, మెథియొనిన్ పప్పుల్లో తక్కువ కాబట్టి రెండూ తింటే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. మీకు నాలుగింటికి వచ్చే నీరసం ఎక్కువగా ఉదయపు పలహారంలో పప్పు లేకపోవడం వల్లనే అయి ఉంటుందని నా అభిప్రాయం. అన్నట్టు, కనుమ నాడు మినుములు తినాలన్నది మన పెద్దల మాటే; ఈసారి మీ అమ్మగారి చేత గారెలు వేయించుకుని, వాటితోనే ఆవిడ బెంగ తీర్చండి.

సమాధానం (మందుల చీటీ)

వైద్యవృత్తిలో ఉన్నవాడిగా ఒక్క విషయం జోడిస్తాను. మాంసకృత్తులను వంటింట్లో సర్దుకోవచ్చు గాని, విటమిన్ బి12 సంగతి వేరు. పెద్దలకు రోజుకు సుమారు 2.2 మైక్రోగ్రాములు కావాలి. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో అది నమ్మదగిన మోతాదులో దొరకదు. పాలు, పెరుగులో కొంత ఉంటుంది గాని, టీలో కలిపే పాలతో సరిపెట్టుకునేవారికి అది చాలదు. ఇడ్లీ పిండి పులిస్తే బి12 వస్తుందని, చద్దన్నంలో ఉంటుందని ప్రచారంలో ఉన్న మాటల మీద ఆధారపడకండి. కాలేయంలో నిల్వ ఉండటం వల్ల లోటు బయటపడటానికి ఏళ్లు పట్టవచ్చు. అందుకే మానేసిన కొత్తలో అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, వదలని అలసట వచ్చేవరకు ఆగకుండా ఒకసారి రక్తపరీక్ష చేయించుకుని, వైద్యుని సలహాతో మాత్రలు వాడండి. మాత్ర వేసుకుంటే శాకాహారం ఓడిపోయినట్టు భావించేవారిని చూశాను. ఆ పట్టుదలకు అర్థం లేదు.

ఇనుము విషయంలో మాత్రం వంటింటి ఉపాయమే చాలు. పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పట్టడానికి వాటి మీద నిమ్మరసం పిండుకోండి, లేదా భోజనంతో ఒక జామకాయ తినండి. టీ, కాఫీలు ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు కాబట్టి వాటిని భోజనానికి ముందూ వెనుకా గంటసేపు దూరంగా ఉంచండి.

సమాధానం (పనసపొట్టు)

మీరు గోదావరి జిల్లావారై ఉండి రుచి గురించి అడగడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మీల్ మేకర్‌కు కోడికూర మసాలా పట్టించి, అది కోడికూరలా లేదని బాధపడటం కొత్తగా మానేసినవారు చేసే పని. మీల్ మేకర్ మంచిదే, మాంసకృత్తులు సమృద్ధిగా ఉన్నదే, కాని దానిని పోలికతో చంపకండి. మన వంటలోనే ఆదివారానికి తగినవి ఉన్నాయి.

లేత పనసకాయను సన్నగా పొట్టులా కొట్టించి, పసుపు వేసి ఉడికించి, నీరంతా గట్టిగా పిండేయాలి. జీడిపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు ధారాళంగా పోపు పెట్టి, చింతపండు గుజ్జు కలిపి మగ్గించి, పొయ్యి మీద నుంచి దించి కాస్త చల్లారాక మాత్రమే నూరిన ఆవ కలపాలి. పొయ్యి మీద ఉండగా ఆవ వేస్తే కూరంతా చేదెక్కుతుంది. ముక్కుకు ఘాటు తగిలేలా కుదిరిన నాడు ఇంట్లో మాంసాహారులు కూడా రెండోసారి వడ్డించుకుంటారు. అయితే పనసలో మాంసకృత్తులు స్వల్పం కనుక ఆ రోజు కూడా పప్పు ఉండవలసిందే. కంద, బచ్చలి కలిపి వండే కూరకూ ఇదే మాట.

ఉలవచారు మరొక సంగతి. రాత్రంతా నానబెట్టిన ఉలవలను ఎక్కువ నీళ్లతో మెత్తగా ఉడికించి, ఆ కట్టును వడగట్టి, చింతపండు పులుసు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చితో సన్నని సెగ మీద చిక్కబడేవరకు కాచి, మీగడతో అన్నంలో కలుపుకుంటాము. పూర్వం కట్టు మనుషులకు, ఉలవలు ఎద్దులకు వెళ్లేవి. ఆ లెక్కన బలమైన భోజనం ఎద్దులదే. ఇప్పుడు ఆ గింజలను పారేయకుండా పోపు పెట్టి గుగ్గిళ్లుగా తినండి.

సమాధానం (రెండు మూకుళ్లు)

మా ఇంట్లో కూడా మీలాగే రెండు రకాల భోజనమే, ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, టమాటా, గసగసాల మసాలాను ఒకేసారి వేయించి రెండు మూకుళ్లలోకి పంచుతాను. ఒకదానిలో కోడి ముక్కలు, రెండోదానిలో ఉడికించిన శనగలో బఠాణీలో. పని పెద్దగా పెరగదు, మసాలా వాసన అందరిదీ ఒకటే కాబట్టి ఎవరూ వేరు కంచంవారిగా మిగలరు. గరిటెలు మాత్రం కలపకండి.

ఒక మాట చెప్పడానికి అనుమతించండి. మన రెండు రాష్ట్రాలలో 15 ఏళ్లు దాటినవారిలో నూటికి 98 మంది మాంసాహారులేనని ప్రభుత్వం జనన మరణాలు లెక్కించే నమూనా నమోదు వ్యవస్థ 2014 నాటి సర్వే తేల్చింది. మన సమాజంలో శాకాహారం చాలాకాలం కులం పేరుతో, మడి పేరుతో ఎదుటివారిని దూరం పెట్టడానికి వాడిన కొలబద్ద. మీరు జంతువుల మీద దయతో మానేశారు, అది వేరు. కాని బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు వారికి ఆ తేడా మాటల్లో కాక మీ నడవడిలో కనిపించాలి. వారు చేపల పులుసు తింటున్న బంతిలోనే కూర్చుని, మీ కోసం పప్పు చేయమని ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. భోజనం దగ్గర జీవహింస చర్చ మొదలుపెట్టకండి. బయట హోటళ్లలో మాత్రం మొహమాటం వద్దు: కూరగాయల సూపు కోడి ఎముకల రసంతో చేసినదా అని అడగండి, ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనండి.

ప్రశ్న వేసినవారు (భీమవరం బాటసారి)

అందరికీ ధన్యవాదాలు. రక్తపరీక్ష ఈ వారమే చేయించుకుంటాను. పప్పు పెంచిన రోజుల్లో కడుపు ఉబ్బరంగా ఉంటోంది, దానికి ఏమైనా ఉపాయం ఉందా?

సమాధానం (ముద్దపప్పు)

ఒక్కసారిగా పెంచకండి, వారం వారం కొద్దికొద్దిగా పెంచితే పేగులు అలవాటు పడతాయి. శనగలు, ఉలవలు, అలసందలు రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి కొత్త నీటిలో మెత్తగా ఉడికించండి. పోపులో ఇంగువ, జీలకర్ర తప్పనిసరిగా వేయండి. మొదటి నెల తేలికగా అరిగే పెసరపప్పు ఎక్కువగా వాడి, శనగలను వారానికి ఒకసారికి పరిమితం చేయండి.