పక్షులు కనబడిన వెంటనే లొకేషన్ పెట్టొచ్చా?

తొరైపాక్కం బాటసారి:
పోయిన ఆదివారం మధ్యాహ్నం చెన్నైలోని పళ్లికరణై చిత్తడి నేలకి వెళ్లాను. ఈశాన్య రుతుపవనాల వానకి నిండిన నీళ్లు తగ్గి, రేడియల్ రోడ్డు పక్కన బురద తేలింది. ఫ్లెమింగోలకి కావాల్సింది ఆ మోకాలి లోతే. నలభై దాకా ఉన్నాయి, ముక్కు తలకిందులుగా ముంచి బురదనీళ్లు వడగట్టుకుంటున్నాయి. ఉండబట్టలేక మూడింటికి పక్షులు చూసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటోతో పాటు లొకేషన్ పెట్టేశాను. నాలుగున్నరకల్లా పదిమంది దిగారు. ఒకాయన గట్టు దిగి, ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టాడు. గుంపంతా లేచిపోయింది. కొట్టింది ఆయనే, దారి చూపింది నేను. ఇక పెట్టకూడదనుకుంటున్నా. మీరేమంటారు?

వేళచ్చేరి సుబ్బులు:
పళ్లికరణై ఏమన్నా రహస్యమా అండీ? బస్సు కిటికీలోంచి కనబడుతుంది. ఎవరికీ పట్టని రోజుల్లోనే కదా పెరుంగుడి చెత్తగుట్ట అందులోకి పెరిగింది! 2022లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు ఊరికే రాలేదు, ఏళ్ల తరబడి ఎండలో నిలబడి పక్షుల్ని లెక్కపెట్టినవాళ్లు ఉన్నారు. మావాడు తామరాకుల మీద నడిచే జకానాని చూసింది కూడా ఎవరో పెట్టిన లొకేషన్ పట్టుకుని వెళ్లే.

సూళ్లూరుపేట పిల్లోడు:
ఇప్పుడు ఉండేది పెరంబూరులో. మా ఊళ్లో ఫ్లెమింగో ఫెస్టివల్ పెట్టి మరీ జనాన్ని పిలుస్తాం, కాబట్టి చోటు దాచమని నేననను. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతుల్ని టవరెక్కి చూస్తాం, చెట్ల కిందికి పోం. పులికాట్‌లోనూ శ్రీహరికోట రోడ్డు మీద ఆగి చూస్తే అవి పట్టించుకోవు. రోడ్డు దిగి రెండడుగులు వేస్తే చాలు, గుంపు జరుగుతుంది. చలికాలమంతా తిని కొవ్వు పట్టించుకుంటేనే సూదితోక బాతు సైబీరియా వైపు తిరిగి వెళ్లగలిగేది. మనం లేపిన ప్రతిసారీ అందులోంచే ఖర్చు. చప్పట్లు కొట్టినాయన్ని మీరెవరూ ఆపలేదా అన్నా?

తొరైపాక్కం బాటసారి:
ఆపలేదు తమ్ముడూ. పెద్దాయన, పెద్ద లెన్సు, మొహమాటపడ్డాను.

చిట్లపాక్కం నీటికాకి:
చూసిన పక్షుల్ని జనం నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో కొన్ని సున్నితమైన జాతులు ఎక్కడున్నాయో బయటికి కనబడనివ్వరు. ఫ్లెమింగోకి ఆ పద్ధతి నవ్వొస్తుంది, నడుమెత్తు గులాబీ పక్షిని ఏం దాస్తాం? నేనైతే అదే రోజు చిత్తడి నేల పేరు చెబుతాను, ఏ గట్టు దగ్గరో మర్నాడు చెబుతాను.

వేళచ్చేరి సుబ్బులు:
మర్నాటికి అవి అక్కడ ఉంటాయా?

చిట్లపాక్కం నీటికాకి:
ఉండకపోవచ్చు. అందుకే మర్నాడు.

వేళచ్చేరి సుబ్బులు:
మావాడికి సెలవు ఆదివారం ఒక్కటే అండీ. సోమవారం చెబితే వాడేం చూస్తాడు?

తొరైపాక్కం బాటసారి:
ఈ ఆదివారం మీవాణ్ణి తీసుకుని రండి సుబ్బులుగారూ, రెండింటికి రోడ్డు మీదే ఉంటాను. గ్రూపులో మాత్రం పెట్టకండి.