అప్‌డేట్: టోపీ పేలినా మందు అంటుకోని తుపాకి

లైసెన్సున్న మూతిమందు తుపాకిలో (మూతిలోంచి మందు పోసి కూరేది) టోపీ, అంటే నిప్పురవ్వ పుట్టించే చిన్న రాగి మూత, పేలుతున్నా గొట్టంలో మందు ఎందుకు అంటుకోవట్లేదని అడిగాను కదా. తప్పు మందుది కాదు, నిపుల్ (టోపీ తొడిగే చిన్న బోలు గొట్టం) దారిలో నూనె, మసి కలిసి జిగురుగా గడ్డకట్టాయి.

ముందుగా గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడాలి. గొట్టం ఖాళీ అని తెలిసినప్పుడే గజం (మందు కూరే పొడవాటి కడ్డీ) అడుగుదాకా దించి, దానిమీద మూతి దగ్గర గీత పెట్టుకుని ఉంచండి. తర్వాత గజం దించినప్పుడు ఆ గీత మూతికి పైకి తేలిందంటే లోపల మందున్నట్టే, ఇక నిపుల్ జోలికి వెళ్లకూడదు.

మనవాళ్లు కిరసనాయిలు పోస్తారు గానీ, మసిలోని లవణాలు దానికి కరగవు, నీళ్లకే కరుగుతాయి. నిపుల్ విప్పి, గొట్టం అడుగు కొస బకెట్లో ముంచి, గజానికి బిగుతుగా గుడ్డ చుట్టి పైకీ కిందికీ లాగితే సబ్బు వేసిన వేణ్ణీళ్లు లోపలికి ఎక్కుతాయి. మొదట తారులా నల్లగా వస్తాయి. తేటబడేదాకా నీళ్లు మార్చి, చివర్లో మరిగిన మంచినీళ్లు పోస్తే, ఆ వేడికే ఇనుము చాలామటుకు ఆరిపోతుంది. మిగతా తడి పొడిగుడ్డతో తీసి, పల్చగా నూనె రాయాలి. శ్రీకాకుళం సముద్రపు గాలికి ఒక్క రాత్రి వదిలేసినా తుప్పే. మర్నాడు తెల్లగుడ్డ దింపి చూడండి, గోధుమరంగు అంటితే మళ్లీ కడగాలి.

నూనె నిపుల్ వైపు జారకుండా తుపాకిని మూతి కిందికి పెట్టి నిలబెట్టాలి. మందు పోసే ముందు నూనె తుడిచేసి, ఖాళీ గొట్టాన్ని నేలమీది ఎండుటాకు వైపు పెట్టి టోపీ పేల్చండి. ఆకు కదిలితే దారి తెరుచుకున్నట్టే. ఇప్పుడు కదులుతోంది.