ప్రసూతి సెలవు అయిపోతోంది: ఉద్యోగం మానాలా, పాపను డే కేర్‌లో వేయాలా?

కూకట్‌పల్లి_అమ్మ: 26 వారాల సెలవు వచ్చే నెలతో అయిపోతుంది. ప్రైవేటు కంపెనీ. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఊరు వదిలి రాలేరు. డే కేర్ ఫీజు, ఆటో, వంటమనిషి పోను నా జీతంలో మిగిలేది చాలా తక్కువ. "ఆ కాస్త దానికి వెళ్లడం దేనికి" అంటున్నారు మా ఆయన. మీరంతా ఏం చేశారు?

సాగరతీరం: డే కేర్ ఫీజు మీ జీతంలోంచే ఎందుకు తీసేస్తున్నారండీ? పాప ఇద్దరిదీ కదా. ఇద్దరి జీతాలూ కలిపి లెక్క వేయండి. మొదట్లో నాకూ చేతిలో ఏమీ మిగల్లేదు. కానీ పీఎఫ్ పడుతూనే ఉంది, ఇంక్రిమెంట్లు ఆగలేదు. ఇప్పుడు చూసుకుంటే ఆ తేడా తెలుస్తోంది.

ఇంకో సంగతి. 50 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట క్రెష్, అంటే చంటిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణలోనే పెట్టారు. రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు కూడా ఇవ్వాలి. హెచ్‌ఆర్‌ను నోటిమాటగా అడిగితే పని కాదు, మెయిల్ పెట్టండి. మా ఆఫీసులో మెయిల్ వెళ్లాకే పక్క వీధి డే కేర్‌తో మాట్లాడి పెట్టారు.

కరీంనగర్_అమ్మ: నేను మానేసిన అక్కా. బాబు నెలలు నిండకముందే పుట్టిండు, ఎవ్వరికీ అప్పజెప్ప బుద్ధి కాలే. కానీ మానే ముందే మా ఆయనతోని తేల్చుకున్న: ఇంటి ఖర్చు వేరు, నా పేరు మీద పడేది వేరు. ఆయన జీతం పడ్డ రోజే నా పీపీఎఫ్‌ల, అంటే సర్కారు పొదుపు ఖాతాల, పైసలు పడ్తయి. ఏడాదికి లక్షన్నర దాకా వేయొచ్చు, వడ్డీకి పన్ను లేదు. ఆయన పైసలతోని నా పేరున ఎఫ్‌డీ వేస్తే మాత్రం ఆ వడ్డీ ఆయన ఆదాయంలనే కలుస్తది. నెలనెలా చెయ్యి చాపుడు ఎంత కష్టమో మా అమ్మను చూసి తెలుసుకున్న.

బాబు_నాన్న: మానినా పీఎఫ్ తీసేయకండి. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. మళ్లీ చేరినప్పుడు బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కలుస్తుంది. తండ్రికి కేంద్ర ప్రభుత్వంలో 15 రోజుల సెలవుంది, ప్రైవేటులో కంపెనీ దయ. అందుకే నేను రాత్రి షిఫ్టు అడిగి తీసుకున్నాను, పగలు బాబును చూసుకుంటున్నాను. నిద్ర చాలదు, నిజమే. ఆమె ఉద్యోగం మాత్రం నిలిచింది.

తెనాలి_ఆడపడుచు: తల్లికి వందనం పథకం డబ్బు రాదా?

సాగరతీరం: అది ఆంధ్రలో, బడికెళ్లే పిల్లలకండి. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా. పన్ను కట్టే కుటుంబాలకు రాదు కూడా.

కూకట్‌పల్లి_అమ్మ: మెయిల్‌లో ఏం రాయాలి?

సాగరతీరం: తిరిగి చేరే తేదీ, క్రెష్ ఎక్కడో, కొన్నాళ్లు ఇంటి నుంచి పని కుదురుతుందేమో. మూడో దానికి ఇద్దరూ ఒప్పుకుంటే చాలు, చట్టం వీలు కల్పించింది. ఈ వారమే పంపండి. జవాబు రాకముందు రాజీనామా మాట ఎత్తొద్దు.