వరి వెయ్యాలంటే ఏం చూసి వేస్తున్నరు? ఎకరం పైసలా, బోనసా, కొనుగోలా?

జగిత్యాల_రైతుబిడ్డ: అన్నలూ ఒక డౌట్. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు, సన్నాలకు క్వింటాలు మీద 500 బోనస్, 2025-26ల ఏ గ్రేడ్ వడ్లకు క్వింటాలు మద్దతు ధర 2389... ఇన్ని ఉన్నా మా ఊర్లె ఈ యాసంగి దొడ్డు వెయ్యాల్నా సన్నం వెయ్యాల్నా తెలుస్తలేదు. మీ దిక్కు ఎట్లుంది

మానేరు_అన్న: లెక్క చూడు తమ్మీ. మా పొలంల ఎకరానికి దొడ్డు 26 క్వింటాళ్లు దిగుతది, సన్నం 22 దాటదు. దొడ్డుకు 62 వేల చిల్లర, సన్నానికి బోనస్ కలిపితే 63 వేలన్నర. అంటే పద్నాలుగు వందల కోసం దోమపోటు, మెడవిరుపు మందులు కొట్టుకుంట కూసోవాలె. అదే బోనస్ పడకపోతే తొమ్మిది వేల పైన లాస్, నాకు ఒక సీజన్‌ది ఇంకా పడలే. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌ల సన్నబియ్యం ఇస్తున్నరు, మరి సన్నాలు కావాలంటే మనకు బాకీ పెట్టొద్దు కదా

గోదారి_గట్టు: మా కోనసీమలో 2011 సార్వాకి (ఖరీఫ్‌కి) క్రాప్ హాలిడే అని వరి వేయడమే మానేశారు గుర్తుందాండి, గిట్టుబాటు లేక, మురుగు దిగక. డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, నాట్లేసిన వారానికి పెద్ద వాన పడితే చేలో నీళ్ళు కదలవు, మొక్క మునిగి నాలుగోరోజుకి కుళ్ళిపోద్ది, మళ్ళీ నారెక్కడ తెస్తాం చెప్పండి. ఆ పూడిక తీయిస్తే మానేసిన చేలు చాలావరకు మళ్ళీ వేస్తారు. ఫ్లెక్సీ కట్టుకునే పని కాదు కదా, ఎవరికీ పట్టదు

తణుకు_కౌలు: భూమి ఉన్నోళ్ళ గొడవండి ఇదంతా. మా ఆంధ్రాలో అన్నదాత సుఖీభవ కేంద్రం 6 వేలతో కలిపి ఏడాదికి 20 వేలు, కానీ మాకు కౌలు కార్డు కావాలి, 2019 చట్టం ప్రకారం ఆసామి సంతకం పెడితేనే కార్డు. భూమి పోద్దేమోనని ఆయన పెట్టడు. ఇంక పెట్టుబడికి షావుకారు, ధాన్యం తోలేదీ ఆయనకే. 2025-26 మద్దతు ధరకి 75 కిలోల బస్తా మామూలు రకానికి 1777 పడాలని అందరికీ తెలుసు, మా చేతికెంతొస్తుందో ఆయనకే తెలుసు

బోధన్_బాయి: నాట్లకు బీహారోళ్ళు దొరక్కపోతే గుత్త రేటు ఇష్టమొచ్చినట్టు చెప్తున్నరు. నేను డ్రమ్ సీడర్ పెట్టిన, మొలకెత్తిన విత్తనం నేరుగ పొలంల జల్లే డబ్బా అది, నారు ఖర్చు లేదు, కోత కూడా వారం ముందే వచ్చింది. కాకపోతే కలుపు మందు మొదటి మూడు రోజుల్ల కొట్టకపోతే తుంగ ఏదో వరి ఏదో తెల్వదు

డల్లాస్_మామ: 2023 జులైలో ఎగుమతి ఆపితే ఇక్కడ సోనా మసూరి కోసం లైన్లు కట్టారు, మనిషికి ఒక్క బస్తానే. అప్పుడు మీకేమైనా రేటొచ్చిందా?

మానేరు_అన్న: మా వడ్లు మే నెలలనే పోయినయ్ మామా. పెరిగింది బియ్యం రేటు 😀

జగిత్యాల_రైతుబిడ్డ: సరే అన్నా, రెండెకరాలు దొడ్డు, ఎకరం సన్నరకం ఆర్ఎన్ఆర్ 15048 వేస్త, తినటానికి కూడ అయితయ్

మానేరు_అన్న: విత్తనం బిల్లు పారెయ్యకు. పంట నమోదుల సన్నం అని రాయించు, లేకుంటే కొనుగోలు సెంటర్ల లొల్లి. వడ్లల్ల తేమ 17 శాతం లోపట ఉండాలె, టార్పాలిన్లు ఇప్పుడే చూసుకో, కోతలప్పుడు కిరాయికి కూడ దొరకవు